తైలవర్ణ సముద్ర చిత్రణ

తైలవర్ణ సముద్ర చిత్రణ అనగా నూనెతో నూరిన రంగులను ఉపయోగించి, సముద్ర దృశ్యాన్ని వాస్తవికంగా కాన్వాసుపై చిత్రించడం. కొండను గాని, చెట్టును గాని ఎదురుగా కూర్చొని గంటల తరబడి చిత్రించవచ్చును. కెరటం అట్లు నిలువదు. అందువలన ఈ కళలో చేతి నైపుణ్యం కంటె ముందు కావలసినది నీటి కదలికను, వెలుతురు దారిని అర్థం చేసుకొనడం.

ఐవజోవ్‌స్కీ పద్ధతి

సముద్ర చిత్రకారులలో విశేష ఖ్యాతి పొందినవాడు ఇవాన్ ఐవజోవ్‌స్కీ (1817–1900). ఇతడు నల్లసముద్ర తీరాన, క్రిమియాలోని ఫియదోసియా పట్టణంలో ఆర్మేనియన్ కుటుంబంలో జన్మించాడు. సముద్రాన్ని శ్రద్ధగా పరిశీలించి, పెన్సిలుతో గుర్తులు గీసుకొని, చిత్రాన్ని మాత్రం గదిలో కూర్చొని జ్ఞాపకం నుండి వేసేవాడు. మెరుపును, గాలిని, అలను ఎదుట చూస్తూ కుంచెతో పట్టుకొనడం సాధ్యం కాదని ఇతని అభిప్రాయం.

1850లో ఇతడు చిత్రించిన "తొమ్మిదవ కెరటం" సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని రష్యన్ మ్యూజియంలో ఉన్నది. దీని కొలత 221 × 332 సెం.మీ. రాత్రి తుఫానులో ఓడ మునిగిపోగా, విరిగిన తెరచాప కొయ్యను పట్టుకొని వేలాడుతున్న కొందరు, వారి ఎదుట ఉదయించే సూర్యుడు ఇందులోని దృశ్యం. కెరటం లోపలి నుండి వెలుగుతున్నట్లు తోచడమే ఈ చిత్రంలోని గొప్పతనం.

కెరటంలో వెలుతురు

ఆ వెలుగుకు కారణం సులభమే. కెరటం అడుగున మందంగా, శిఖరం వద్ద పలుచగా ఉంటుంది. సూర్యుడు కెరటం వెనుక ఉన్నప్పుడు పలుచని భాగం గుండా కాంతి మన వైపు వచ్చి, అక్కడ నీరు లేత ఆకుపచ్చగా మెరుస్తుంది. విశాఖపట్నం వంటి తూర్పు తీరంలో దీనిని ఉదయం పూట చూడవచ్చును. సాయంత్రం సూర్యుడు మన వీపు వైపు ఉంటాడు కనుక ఈ మెరుపు కనిపించదు. ఒకే చిత్రంలో ఈ రెండు వేళలను కలిపితే, కారణం తెలియని ప్రేక్షకునికి కూడా ఏదో తేడాగా తోస్తుంది.

నురుగంతటికీ తెలుపే వేయడం విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు. ఎండ తగిలిన చోటనే నురుగు తెల్లన. నీడలో అది నీలి బూడిద రంగులో ఉంటుంది. దిగంత రేఖ ఎల్లప్పుడు చూసేవాని కంటి ఎత్తులో, సమతలంగా ఉండాలి. ఏ కెరటమైనా ఆ రేఖను దాటి పైకి కనిపిస్తే, అది చూసేవాని కంటికంటె ఎత్తైనదని అర్థం. కాబట్టి కెరటం ఎత్తును ఇష్టం వచ్చినట్లు పెంచరాదు.

రంగులు, పొరలు

అవిసె నూనె నీటివలె ఆవిరై ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. ఈ కారణంగా అడుగు పొరలో నూనె తక్కువగా, పై పొరలలో క్రమంగా ఎక్కువగా ఉండాలి. ఇందుకు విరుద్ధంగా చేస్తే పై పొర ముందు గట్టిపడి, అడుగు పొర ఆ తరువాత కూడా కదులుతూ ఉండడం వలన చిత్రం పగుళ్ళు విడుస్తుంది. ముందుగా ఆకాశాన్ని చిత్రించడం మేలు, ఏలయన సముద్రపు రంగులో అధిక భాగం ఆకాశపు ప్రతిబింబమే. కెరటపు మెరుపు కోసం లేత రంగు బాగా ఆరిన తరువాత, దానిపై పారదర్శకమైన ఆకుపచ్చను పలుచగా పూస్తారు. మందమైన నురుగు చివరిది. వార్నిష్ పూయడానికి సాధారణంగా ఆరు నెలలైనా ఆగుతారు.

జాగ్రత్త

అవిసె నూనె అంటిన గుడ్డలను కుప్పగా వేయరాదు. నూనె ఆరునప్పుడు పుట్టే వేడి కుప్పలో చిక్కుకొని, నిప్పు తగలకుండానే అవి అంటుకొనవచ్చును. వాటిని విడివిడిగా ఆరబయట పరచి ఆరనివ్వాలి, లేదా నీటిలో తడిపి మూత గల లోహపు డబ్బాలో ఉంచాలి.