నేల చలికి పుట్టిన పరుపు

1971 ఏప్రిల్‌లో సియాటిల్ విమానాశ్రయం దారిలో ఒక హోర్డింగ్ వెలిసింది. ఊరు వదిలిపోయే ఆఖరి మనిషి దయచేసి లైట్లు ఆర్పి వెళ్ళాలని దాని సారాంశం. విమానాలు తయారుచేసే బోయింగ్ కంపెనీ సూపర్‌సోనిక్ ప్రాజెక్టు రద్దయింది. కొన్నేళ్ళ ముందు ఆ ప్రాంతంలో బోయింగ్‌కు లక్షమంది దాకా ఉద్యోగులుండేవారు. ఆ సంఖ్య 40,000 లోపుకు దిగింది. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగాలు చేసే మాదాపూర్, నానక్‌రామ్‌గూడ వాళ్ళకు ఆ రోజులు ఎలా ఉండి ఉంటాయో విడమరిచి చెప్పనక్కర్లేదు.

అలా ఇంటికి పంపేసిన ఇంజనీర్లలో ఇద్దరు జిమ్ లీ, నీల్ ఆండర్సన్. కొండలెక్కే అలవాటున్న జాన్ బరోస్ వాళ్ళకు తోడయ్యాడు. ఐటీ కారిడార్ కుర్రకారు ఇవాళ ట్రెక్కింగ్ బ్యాగులో చుట్టి పెట్టుకునే తేలికపాటి పరుపు వీళ్ళ చేతుల్లోనే రూపం పోసుకుంది.

అంతకు ముందు కొండల్లో పడుకునేవాళ్ళకు రెండే దారులు, రెండూ అంతంతమాత్రమే. గాలి నింపే పరుపు మెత్తగా ఉంటుంది, కానీ లోపలి గాలి ఊరుకోదు. ఒంటి వేడికి వెచ్చబడిన గాలీ నేల దగ్గర చల్లబడిన గాలీ కలిసిపోతూ వేడిని కిందికి దాటిస్తూనే ఉంటాయి. రెండోది ఫోమ్ మ్యాట్. అందులో గాలి చిన్న చిన్న గదుల్లో బందీ కాబట్టి కదలదు, వేడి దాటడం తగ్గుతుంది. అయితే మందమైన ఫోమ్ బ్యాగులో సగం చోటు తినేస్తుంది, పలచనిదైతే రాళ్ళు వీపుకు గుచ్చుకుంటాయి.

జిమ్ లీ తోటపని మనిషి. మోకాళ్ళ కింద స్పాంజి దిండు వేసుకుని కలుపు తీస్తుంటే, బరువు పడ్డప్పుడు అందులోంచి గాలి బయటికి పోవడం గమనించాడు. ఆ స్పాంజిని గాలి చొరబడని గుడ్డలో మూసి, ఒక మూలన మూత పెడితే? మూత తెరిచి చుడితే గాలంతా పోయి చిన్న చుట్ట అవుతుంది. మళ్ళీ విప్పితే స్పాంజి తనంతట తాను ఉబ్బుతూ గాలి పీల్చుకుంటుంది. నోటితో ఊదే పని తగ్గిపోతుంది.

ఆలోచన అందరికీ రావచ్చు. అసలు తంటా అతికించడంలో ఉంది. గుడ్డ స్పాంజికి అణువణువునా అంటుకోకపోతే మనిషి పడుకోగానే అంచులు బుడగలా పొంగుతాయి. వేడితో అతికించే పద్ధతి కోసం వాళ్ళు మొదట్లో వాడిన పరికరం వంటింట్లోని శాండ్‌విచ్ మేకరని చెబుతారు. విమానాలు తయారుచేసిన ఇంజనీర్లు! 1972లో క్యాస్కేడ్ డిజైన్స్ అనే కంపెనీ పెట్టారు, పరుపుకు థర్మ్-ఎ-రెస్ట్ అని పేరు పెట్టారు.

ఆ తర్వాత పెద్ద మలుపు 2009లో. అదే కంపెనీ నియోఎయిర్ పేరుతో స్పాంజిని పూర్తిగా తీసేసింది. లోపల పలచని పొరలను త్రికోణాలుగా మడిచి గాలిని చిన్న గదులుగా విడగొట్టింది కాబట్టి అది తిరగదు. ఒంటి నుంచి వెలువడే వికిరణాన్ని మెరిసే పొర వెనక్కి తిప్పికొడుతుంది. బరువు అర కిలో లోపు, మడిస్తే నీళ్ళ సీసా అంత. పక్కకు తిరిగినప్పుడల్లా చిప్స్ ప్యాకెట్ నలిపినట్టు చప్పుడు చేస్తుందని పక్క టెంట్ వాళ్ళ ఫిర్యాదు.

గచ్చిబౌలి నుంచి ఇలాంటి పరుపు కొనడానికి బయలుదేరినవాళ్ళు ముందు చూడాల్సింది ధర కాదు, ఆర్-వాల్యూ. పరుపు వేడిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె అది. ఒకప్పుడు ఎవరి లెక్క వాళ్ళదే. 2018లో ప్రమాణాలు రూపొందించే ఏఎస్‌టీఎం సంస్థ ఎఫ్3340 అనే ఉమ్మడి పరీక్ష తెచ్చింది. పరుపును రెండు పలకల మధ్య పెడతారు. పై పలక మనిషి ఒంటిలా 35 డిగ్రీలు, కింది పలక నేలలా 5 డిగ్రీలు. పై పలకను వెచ్చగా ఉంచడానికి ఎంత కరెంటు పడుతుందో కొలుస్తారు.

ఒక చిన్న లెక్క. పడుకున్నప్పుడు అర చదరపు మీటరు ఒళ్ళు పరుపుకు ఆనుతుందనుకుందాం. ఆర్-వాల్యూ 1 ఉన్న పలచటి మ్యాట్ మీద, 5 డిగ్రీల నేలకు దాదాపు 85 వాట్ల వేడి పోతుంది. నిద్రలో మన ఒళ్ళు పుట్టించేది మొత్తం 70, 80 వాట్లే. అంటే ఖర్చు జీతాన్ని మించిపోయింది. ఆర్-వాల్యూ 4 అయితే ఆ నష్టం 21 వాట్లకు పడిపోతుంది. హిమాలయాల్లో 4,270 మీటర్ల ఎత్తున్న హంప్టా పాస్‌కు జూన్‌లో వెళ్ళేవాళ్ళకు స్లీపింగ్ బ్యాగ్ ఎంత ముఖ్యమో పరుపూ అంతే. బ్యాగ్‌లో వీపు కింది మెత్తటి పొర ఎలాగూ బరువుకు అణిగిపోతుంది, అణిగిన పొర వేడిని ఆపలేదు. అమెరికాలో రే జార్డీన్ లాంటి తేలిక ప్రయాణికులు 1990లలో ఆ కింది భాగాన్నే కత్తిరించి, పైన కప్పుకునే క్విల్ట్‌కు ప్రచారం తెచ్చింది అందుకే.

ఇప్పుడు అదే పరుపును మే నెలలో వికారాబాద్ పక్క అనంతగిరికి తీసుకెళ్ళండి. లేదా ఖాజాగూడ గుట్టల్లాంటి ఏదో ఒక బండ మీద పరవండి. హైదరాబాద్ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. పగలంతా 40 డిగ్రీల ఎండ తాగి, పొద్దుపోయాక తీరిగ్గా కక్కడం దానికి అలవాటు. మే నెల రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రతే 26, 27 దగ్గర ఉంటుంది. బండ అంతకన్నా వేడి. నేల 30 డిగ్రీలుంటే ఆర్-వాల్యూ 4 పరుపులోంచి కిందికి పోయే వేడి 4 వాట్లకు మించదు. అంటే ఒంటికి కింది వైపు తలుపు మూసేసినట్టే. మిగిలిన వేడంతా పైవైపు నుంచే పోవాలి. వేల రూపాయలు పోసి ఉక్కపోత కొనుక్కున్నట్టు.

ఇక్కడ మనకు కావలసింది తిరగేసిన యంత్రం. అది మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉంది: నులక మంచం. కింద గాలి, పైన గాలి, మధ్యలో నులక. బరువు మోయలేం కాబట్టి దాని పని ఊయల చేస్తుంది. రెండు చెట్ల మధ్య కట్టే తేలిక ఊయలలు అర కిలోకు అటూ ఇటూ దొరుకుతాయి. చలి దేశాల్లో ఊయల మీద ఉన్న పెద్ద ఫిర్యాదు, వీపు కింద గాలి ఆడి చలేస్తుందని. దానికోసం కింద ఇంకో క్విల్ట్ వేలాడదీస్తారు. వాళ్ళ లోపమే మనకు గుణం. ఊయలకు చెట్లు కావాలి, అనంతగిరిలో ఉన్నాయి. ఉట్టి బండ మీదైతే పలచటి ఫోమ్ మ్యాట్ చాలు. ఇక్కడ దాని పని రాయి గుచ్చుకోకుండా చూడటమే.

ఫోమ్ మ్యాట్‌కు ఇంకో లాభముంది. మన నేలంతా పల్లేరు కాయలు, తుమ్మ ముళ్ళు. గాలి పరుపుకు ఒక్కటి చాలు. అర్ధరాత్రి చీకట్లో చిల్లు వెతుక్కోవడం ఎవరికి కావాలి?

దక్కన్ వేసవిలో బరువు ఖర్చు పెట్టాల్సిన చోటు పరుపు కాదు, దోమతెర. దోమల కోసమే కాదు. కట్లపాము రాత్రిళ్ళు తిరుగుతుంది, నేల మీద నిద్రపోయేవాళ్ళే ఎక్కువగా దాని కాటుకు గురవుతారు. అందుకని అడుగు గుడ్డతో కలిపి కుట్టి, జిప్ పూర్తిగా మూసుకునే వల టెంట్ మంచిది. పైన వాన పట్టా వేయకపోతే గాలి ధారాళంగా ఆడుతుంది. మే సాయంత్రాలు గాలివాన వచ్చే రోజులు కాబట్టి పట్టాను చేతికందే చోట ఉంచుకోవాలి. కప్పుకోవడానికి తెల్లవారుజామున పాత నూలు దుప్పటి చాలు. హిమాలయాల్లో నూలు తడిస్తే ఆరదు, అక్కడికి మాత్రం వద్దు.

ఏడాదికోసారి మనాలి వైపు వెళ్ళేవాళ్ళు మంచి పరుపును అద్దెకు తీసుకోవచ్చు. ట్రెక్ నడిపే సంస్థలు చాలావరకు టెంటుతో పాటు పరుపూ ఇస్తాయి. బుక్ చేసుకునే ముందు దాని ఆర్-వాల్యూ ఎంతో అడగండి. చెప్పలేకపోతే ఇంటి నుంచి ఒక ఫోమ్ మ్యాట్ పట్టుకెళ్ళి వాళ్ళిచ్చే పరుపు కింద వేసుకోండి. ఒకదాని మీద ఒకటి వేస్తే ఆర్-వాల్యూలు కలుస్తాయి: 2, 2 కలిస్తే 4.