మీకు తెలుసా? డబ్బా అడుగున ఒక అంకె ఉంటుంది

దిల్‌సుఖ్‌నగర్‌లో ప్లాస్టిక్ డబ్బా కొనేటప్పుడు మూత బిగువు చూస్తాం, ధర బేరమాడతాం. అడుగున త్రికోణంలో ఉన్న అంకెను మాత్రం పట్టించుకోం. 1 అంటే పెట్, నీళ్ల సీసాల రకం. దాదాపు 70 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడుతుంది, పొగలు కక్కే చారు పోస్తే సొట్టపోతుంది. 5 అంటే పాలీప్రొపిలీన్. సుమారు 160 డిగ్రీల దాకా కరగదు. 7 అంటే ‘ఇతరాలు’. ఆ గుంపులోని పాలీకార్బనేట్ తయారీకి బిస్ఫినాల్-ఏ వాడతారు. పసిపిల్లల పాలసీసాల్లో మన దేశం దాన్ని నిషేధించింది.

కూర డబ్బాకు పట్టిన పసుపు మరక ఎంత తోమినా పోదెందుకు? పసుపులోని కర్కుమిన్ నూనెలో కరిగి, ఆ నూనెతో పాటే ప్లాస్టిక్‌లోకి ఇంకుతుంది. గాజులోకి ఇంకలేదు. ఆవకాయకు జాడీ లేకపోతే గాజు సీసాయే, మరో మాట లేదు.

అయితే గాజంతా ఒకటి కాదు. మామూలు సోడా-లైమ్ గాజు వేడికి బోరోసిలికేట్ కన్నా దాదాపు మూడు రెట్లు వ్యాకోచిస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా ఓవెన్‌లో పెడితే పగిలేది అందుకే. బోరోసిలికేట్‌ను 19వ శతాబ్దం చివర్లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఒట్టో షాట్ రూపొందించాడు. 1915లో అమెరికాలో పైరెక్స్ పేరుతో అది వంటింట్లోకి వచ్చింది.

గాజు డబ్బా మూత చాలావరకు ప్లాస్టిక్కే. మైక్రోవేవ్‌లో పెట్టేముందు తీసేయండి. సైదాబాద్ నుంచి వచ్చి మూసారాంబాగ్‌లో మెట్రో ఎక్కి, నిలబడే ఆఫీసుకు వెళ్లేవారు గాజు బరువు మోయనక్కర్లేదు. చల్లారిన పెరుగన్నానికి 5 అంకె డబ్బా చాలు.