పరభాషలో చదువు – గురువులకు శిక్షణము

ఇంట గలగల మాటలాడు పిల్ల బడిలో మూగయై కూర్చుండుట మనలో ననేకులు చూచియుందురు. పాఠము చెప్పు భాష ఆ పిల్లకు రాదు. ఉపాధ్యాయిని ఆమెను మందబుద్ధి యని తలంచును. తప్పు బిడ్డది కాదు. అట్టి బిడ్డకు బోధించు విధము ఆ ఉపాధ్యాయినికి నెవ్వరును నేర్పకపోవుటయే తప్పు. అమెరికాదేశమున ఈ సంగతి న్యాయస్థానముల వరకు పోయినది. మన తెలుగు కుటుంబములు పెక్కులు నేడు తమ పిల్లల నచటి బడులకు బంపుచున్నవి గనుక, ఆ కథను సోదరీమణులకు విన్నవించుచున్నాము.

శాన్‌ఫ్రాన్సిస్కో నగరపు బడులలో ఇంగ్లీషు రాని చైనా బాలబాలికలు రమారమి 2,800 మంది యుండిరి. వారిలో నించుమించు 1,800 మందికి ఆ భాష నేర్పు ప్రత్యేకమైన యేర్పాటేదియు లేకుండెను. అందరికిచ్చిన పుస్తకములనే, అందరికి జెప్పు గురువులనే వీరికిని సమకూర్చితిమి గదా యని అధికారులు వాదించిరి. 1974లో అమెరికా సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చెను. పాఠమే బోధపడని బిడ్డకు సమానముగ పుస్తకమిచ్చినంతమాత్రమున సమానమైన విద్య నిచ్చినట్లు కాదని తీర్పు చెప్పెను. పండ్లు రాని పసిపాపకు పెద్దలతోబాటు జంతికలు వడ్డించి, పంక్తిభేదము చేయలేదనుట యెట్టిదో ఆ వాదమును నట్టిదే!

అంతటితో చిక్కు తీరలేదు. బోధింపగలవారెవరు? టెక్సాసు రాష్ట్రములోని రేమండ్‌విల్ బడుల విషయమై 1981లో నొక పై కోర్టు విచారణ చేసెను. అచట స్పానిషు మాటలాడు పిల్లలకు రెండు భాషలలోను జెప్పవలసిన ఉపాధ్యాయులు కొందరు, ఆ భాషలో సుమారు 700 మాటలు నేర్పు నూరుగంటల శిక్షణతో తరగతికి వచ్చినవారు. ఏడువందల మాటలతో ఇంటి పనులే సాగవు. లెక్కలు, చరిత్ర యెట్లు సాగును? పద్ధతి కాగితముపై మంచిదైన చాలదు, దానిని నడపగల గురువులుండవలెను, ఫలము కనబడవలెను అని ఆ కోర్టు నిర్ణయించెను.

1990లో ఫ్లోరిడా రాష్ట్రమున కోర్టు ఆమోదముతో నొక యొడంబడిక జరిగెను. ఇట్టి పిల్లలకు ఇంగ్లీషు బోధించువారికి 300 గంటలును, గణితము, విజ్ఞానశాస్త్రము, సాంఘికశాస్త్రము బోధించువారికి 60 గంటలును శిక్షణము విధింపబడెను. లెక్కల గురువునకు భాషాశిక్షణ మేల యందురా? కూడికయు, తీసివేతయు వచ్చిన పిల్ల సయితము ప్రశ్నలోని మాట తెలియక లెక్క తప్పును గదా!

ఆ శిక్షణములలో కొన్నిచోట్ల మొదట గురువులకే వారెరుగని భాషలో పాఠము చెప్పుదురు. కొంతసేపటికే తల దిమ్మెక్కును. పిల్లల మౌనమునకు అర్థమప్పుడు తెలియవచ్చును. పిమ్మట బొమ్మలను, వస్తువులను జూపి చెప్పుట, ముఖ్యమైన మాటలను పాఠమునకు ముందే వివరించుట, ప్రశ్న వేసి తొందరపెట్టక వేచియుండుట, బిడ్డ తప్పు పలికిన నవ్వక సరియైన మాటను తామే మరల పలుకుట మొదలగునవి అభ్యసింపజేయుదురు.

ఓర్పును నేర్పవలసినదే. ఆటలలో మాటలాడు భాష రెండేండ్లలో పట్టుబడినను, పాఠ్యపుస్తకముల భాషకు ఐదు మొదలు ఏడేండ్లవరకు పట్టునని కెనడాలోని జిమ్ కమిన్స్ పండితుడు వివరించెను. బిడ్డ చక్కగా మాటలాడుచున్నది, ఇక సాయమక్కరలేదని తొందరపడుట ఇందువలననే హానికరము.

"ఇంట మీ భాష మానుడు" అని తల్లులకు జెప్పు గురువులును గలరు. శిక్షణము పొందినవా రట్లు చెప్పరు. తెలుగులో కథ చెప్పుటకు నేర్చిన బిడ్డ, ఆ నేర్పును ఇంగ్లీషులోనికి గొనిపోగలదని వారెరుగుదురు.

కావున పరదేశముననున్న మన తల్లులు బడికేగినపుడు మార్కుల మాటతో మరలి రాక, "భాష రాని పిల్లలకు బోధించుటలో మీరు శిక్షణము పొందితిరా?" యని మర్యాదగ నడుగవలెనని మా మనవి. ఇంట మాత్రము రాత్రి కథలు తెలుగుననే సాగనిండు.