మోటారు సైకిలు కెటలిటిక్ కన్వర్టరు క్షీణించు విధము

కొల్లాపురమునుండి సోమశిలకు వచ్చు బాటపై నేడు ఎడ్లబండ్లకంటె మోటారు సైకిళ్ళే అధికము. మన విద్యార్థులలో పెక్కురు తండ్రుల వెనుక కూర్చుండి బడికి వచ్చువారే. ఆ బండి సైలెన్సరులో దాగియున్న కెటలిటిక్ కన్వర్టరును గూర్చి వారెరుగుట మంచిది.

అది తేనెపట్టువలె సన్నని రంధ్రములు గల లోహపు రేకుల చుట్ట. రేకులపై అల్యూమినా పూత, ఆ పూతయందు ప్లాటినము, పెల్లాడియము, రోడియము అను విలువగల లోహముల సూక్ష్మకణములు ఉండును. ఇంజను విడుచు కార్బన్ మోనాక్సైడును, కాలని పెట్రోలు ఆవిరిని, నత్రజని ఆక్సైడులను ఇవి బొగ్గుపులుసు వాయువుగను, నీటియావిరిగను, నత్రజనిగను మార్చును. ఉత్ప్రేరకము తాను వ్యయము కాదని తరగతిలో చెప్పుచుందుము. నిజమే, అంతమాత్రమున అది చెడదని యనుకొనరాదు.

దానిని చెరచువానిలో మొదటిది వేడిమి. పొడి ఉప్పు కరగినంత త్వరగా గడ్డ ఉప్పు కరగదు గదా! కణములు చిన్నవైనకొలది వాయువునకు తగులు తలము పెరుగును. ఏండ్ల తరబడి వేడికి అవి కదలి యొకదానితో నొకటి కూడి పెద్దవగును. లోహము తరుగదు, పనిచేయు తలము తరుగును. స్పార్కు ప్లగ్గు చెడిన బండిలో కాలని పెట్రోలు కన్వర్టరులోనికి పోయి యచ్చటనే మండును. అప్పుడు వేడి 1000 డిగ్రీలు దాటి పూతయే కుంచించుకొనిపోవచ్చును. ఒక్క ప్లగ్గు వెలకు వెనుదీయుట ఎంత నష్టమో చూడుడు.

రెండవది విషము. యూజీన్ హూడ్రీ అను ఫ్రెంచి ఇంజనీరు 1950 ప్రాంతమున అమెరికాలో ఇట్టి పరికరమును నిర్మించెను గాని, పెట్రోలులోని సీసము దానిని చెరచుటచే అది నాడు వ్యాపింపలేదు. మన దేశమున సీసపు పెట్రోలు 2000 ఫిబ్రవరిలో నిలిచిపోయినది. 2020 ఏప్రిలునుండి గంధకము పదిలక్షల పాళ్ళకు 10 పాళ్ళు మించరాదు. మిగిలిన శత్రువు ఇంజను నూనెలోని భాస్వరము. పిస్టను రింగులు అరిగినచో నూనె కాలి, భాస్వరము పూతపై పొరగా పేరుకొనును. నీలిపొగ దాని గుర్తు.

కన్వర్టరు చెడినను బండి మామూలుగనే పరుగెత్తును. కార్బన్ మోనాక్సైడునకు రంగును లేదు, వాసనయును లేదు. మంచి కన్వర్టరైనను సుమారు 250 డిగ్రీలు వేడెక్కువరకు సరిగా పనిచేయదు. కావున బండిని నడవలోగాని మూసిన కొట్టులోగాని స్టార్టు చేయకుడు. కాలుష్య పరీక్షాపత్రమున కార్బన్ మోనాక్సైడు అంకె యుండును. తల్లిదండ్రులు దానిని పారవేయక వెనుకటి పత్రముతో పోల్చి చూడుడు. అంకె ఏటేట పెరుగుచున్నచో ముందు ప్లగ్గును, పిమ్మట నూనెను, చివరకు కన్వర్టరును పరీక్షింపించుడు.