పాత స్ప్లెండర్‌కి జీవామృతం క్యాన్ల స్టాండు: ఇంట్లోనే కట్టుకునే పద్ధతి (వీడియోతో)

పోయిన వీడియోలో నా బండి వెనక స్టాండు చూసి చాలామంది కొలతలు అడిగారు. కొలతలు బండిని బట్టి మారతాయి. దాన్ని ఎక్కడ తగిలించాలన్నదే అసలు సంగతి. అందుకే వీడియోతో పాటు ఇదీ రాస్తున్నాను.

మాది 2006 మోడల్ హీరో హోండా స్ప్లెండర్ ప్లస్, నాన్న కొన్నది. దూరం చెక్క ఇంటి నుంచి రెండున్నర కిలోమీటర్లు, అందులో సగం డొంకే. ఎకరానికి 200 లీటర్ల ద్రవ జీవామృతం అంటే ట్రిప్పుకి 40 లీటర్ల చొప్పున ఐదు ట్రిప్పులు, రానుపోను పాతిక కిలోమీటర్లు. డ్రమ్ము పొలంలోనే పెట్టుకోవచ్చు కదా అంటారు. కుదిరితే అదే మంచిది. మాకు అక్కడ నీడ లేదు, రోజూ రెండు పూటలా కలిపే మనిషీ లేడు.

20 లీటర్ల క్యాన్లు రెండు, స్టాండు ఇనుము కలిపి 50 కిలోల దాకా వస్తుంది. వెనక ఒక మనిషి కూర్చున్నంత కూడా కాదు. అయితే క్యాన్లు ఉన్నప్పుడు ఇంకో మనిషిని ఎక్కించుకోకూడదు. సీటు మీద మూడో క్యాన్ కట్టడమూ వద్దు. బరువు పైకి పోయేకొద్దీ గట్టు మలుపులో బండి మన చేతిలో ఉండదు.

పాలవాళ్ళ బండ్లు గమనించండి, క్యాన్లు రెండు పక్కలా కిందికి వేలాడుతుంటాయి. అదే పద్ధతి. క్యాన్ మధ్యభాగం వెనక ఇరుసుకి కాస్త ముందుండాలి, వెనక్కి పోకూడదు. వెనక్కి పోతే ముందు చక్రం తేలికైపోయి హ్యాండిల్ ఊగుతుంది. డిప్లొమాలో ట్రాక్టరు గురించి చెప్పిన లెక్కే ఇది, అప్పుడు పరీక్ష కోసం చదివాం అంతే!

చాలామంది స్టాండు పైభాగాన్ని ఫ్రేముకి, కింది భాగాన్ని వెనక ఫుట్‌రెస్టుకి బిగిస్తారు. ఇక్కడ జాగ్రత్త. కొన్ని పాత బండ్లలో ఆ ఫుట్‌రెస్టు స్వింగ్ ఆర్మ్ మీదే ఉంటుంది. గుంతలో చక్రంతో పాటు అది పైకీ కిందికీ ఆడుతుంది, ఫ్రేము ఆడదు. రెండింటికీ కలిపి కడితే వెల్డింగు తెగిపోతుంది, లేదా బోల్టు విరుగుతుంది. అందుకని పైనా కిందా ఫ్రేముకే యూ క్లాంపులతో బిగించండి, లోపల పాత ట్యూబు ముక్క వేయండి. బండి ఫ్రేము మీద మాత్రం వెల్డింగు పెట్టొద్దు. స్టాండుని విడిగా చేయించుకుని తెచ్చి బిగించుకోవాలి. కుడి పక్క సైలెన్సరు వేడికి క్యాన్ మెత్తబడుతుంది, నాలుగు వేళ్ళ సందు ఉంచి మధ్యలో రేకు పెట్టాను. ఇండికేటర్లు, నంబరు ప్లేటు మూసుకుపోకుండా చూసుకోండి.

సగం నిండిన క్యాన్ నిండు క్యాన్ కంటే ప్రమాదం. లోపల ద్రవం అటూ ఇటూ కొట్టుకుని బ్రేకు వేసినప్పుడు బండిని ముందుకు నెడుతుంది. కాబట్టి మెడ దాకా నింపాలి. కానీ జీవామృతం పులుస్తూ గ్యాసు వదులుతుంది, మూత గట్టిగా బిగిస్తే క్యాన్ ఉబ్బుతుంది. మూతకి సన్నటి సూదితో రంధ్రం చేసి, గుడ్డతో వడకట్టిన ద్రవమే పోయండి. లేకపోతే రంధ్రం పూడిపోతుంది.

డొంకలో లాగడానికి ముందు స్ప్రాకెట్ 14 పళ్ళది తీసి 13 పళ్ళది వేశాను. లాగుడు ఏడెనిమిది శాతం పెరుగుతుంది, రోడ్డు మీద వేగం అంతే తగ్గుతుంది. పొలం పనికి ఇది చాలు. చైను కాస్త త్వరగా అరుగుతుంది, అది ఒప్పుకోవాల్సిందే. వెనక టైరులో ఇద్దరు కూర్చున్నప్పటి గాలి పెట్టించండి. డ్రమ్ము బ్రేకులు కదా, లోడుతో దిగుడులో రెండో గేరు దాటొద్దు.

గోమూత్రం ఇనుముని తినేస్తుంది. రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు వేసి పైన పెయింటు కొట్టండి, పని అయ్యాక మంచినీళ్ళతో కడిగి చైనుకి నూనె పెట్టండి.

ఇక కాగితాల సంగతి. ఆర్‌సీలో రాసిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. పదిహేనేళ్ళు దాటిన బండిని రెన్యువల్‌కి తీసుకెళ్తే అధికారి చూస్తారు. క్లాంపులతో కట్టింది పావుగంటలో ఊడొస్తుంది. అయినా కట్టే ముందు ఆర్‌టీఏ ఆఫీసులో ఒకసారి అడగండి.

మొదటిసారి నీళ్ళు నింపి డొంకలో ఒక ట్రిప్పు తిప్పి, నట్లన్నీ మళ్ళీ బిగించండి. లాక్ నట్లే వాడండి. క్లాంపులు ఎక్కడెక్కడ వేశానో వీడియోలో దగ్గర నుంచి చూపించాను.