గొంతు ఒక్కటే, పాత్రలు ఎన్నో!

పిల్లలూ! పక్కగదిలో ఎవరో మాట్లాడుతున్నారు. మనిషి కనబడడు. అయినా ఆ గొంతు వినగానే "మామయ్య వచ్చాడు" అని ఇట్టే చెప్పేస్తారు. మనిషికొక గొంతు గదా! మరి ఒకే మనిషి కుందేలుగా, బాతుగా, పందిగా మాట్లాడి, ముగ్గురూ వేరువేరని మనల్ని నమ్మించగలడా?

నమ్మించినవాడు ఒకడున్నాడు. ఆయన అమెరికా దేశస్థుడు మెల్ బ్లాంక్ (1908–1989). 1927లో రేడియోలో అడుగుపెట్టాడు. రేడియోలో మనిషి కనబడడు. వేషం, ముఖకవళికలు అక్కరకు రావు. అంతా గొంతుతోనే సాధించాలి. జాక్ బెన్నీ అనే హాస్యనటుడి కార్యక్రమంలో, డొక్కుకారు దగ్గుతూ బయలుదేరే చప్పుడును కూడా బ్లాంక్ గొంతుతోనే చేశాడు! 1937 నుండి కార్టూన్ చిత్రాలకు మాటలు చెప్పాడు. బగ్స్ బన్నీ అనే కుందేలు, డఫీ డక్ అనే బాతు, పోర్కీ పిగ్ అనే పంది, మూడూ ఆయన గొంతులే.

ఇది ఎలా సాధ్యం? మీరే పరీక్షించి చూడండి. గొంతు మీద వేళ్లు ఆనించి "ఆ..." అనండి. అదురు తెలుస్తుంది. ఊపిరితిత్తుల నుండి వచ్చే గాలి స్వరపేటికలోని స్వరతంతువులను కంపింపజేస్తుంది. అవి సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తాయో అదే పౌనఃపున్యం. పెద్దవారిలో, మాట్లాడేటప్పుడు, పురుషులకు ఇది మామూలుగా 100 నుండి 130 వరకు, స్త్రీలకు సుమారు 200 ఉంటుంది. వీణతీగను బిగించినట్లు తంతువులను బిగిస్తే గొంతు సన్నబడుతుంది.

ఇప్పుడు శ్రుతి మార్చకుండా "ఆ, ఈ, ఊ" అనండి. తంతువుల కంపనం మారలేదు. ధ్వని మాత్రం మారింది. ఎందుకని? నాలుక, పెదవులు కదలడంవల్ల నోటిలోని ఖాళీ ఆకారం మారింది. ఆ ఖాళీలోని గాలి కొన్ని పౌనఃపున్యాలను బలపరుస్తుంది. ఇదే అనునాదం. వీణకు తీగతోపాటు కుండ ఎంత ముఖ్యమో, మాటకు నోరు అంత ముఖ్యం. వీణకుండ ఆకారం మారదు; మన నోటి ఆకారాన్ని మార్చుకోగలం. బ్లాంక్ రహస్యం ఇదే.

ఇంకొక విచిత్రం వినండి. డొనాల్డ్ డక్‌కు 1934 నుండి దాదాపు యాభై ఏళ్లు మాటలు చెప్పిన క్లారెన్స్ నాష్ (1904–1985), ఆ బాతు మాటకు స్వరతంతువులను వాడనేలేదు. బుగ్గకూ పైదవడకూ నడుమ గాలిని ఒత్తి పలికాడు!

మరి బొమ్మ పెదవులు మాటతో ఎలా కలుస్తాయి? ముందు బొమ్మ గీసి, తరువాత మాట చేరుస్తారని మనం అనుకుంటాం. ఆ స్టూడియోలలో జరిగింది దీనికి తలకిందులు. ముందు మాటను రికార్డు చేసేవారు. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. ఏ శబ్దం ఏ ఫ్రేములో పడుతుందో పట్టికలో రాసుకొనేవారు. చక్ జోన్స్ (1912–2002) వంటి దర్శకుల దగ్గర చిత్రకారులు ఆ పట్టికను చూసి నోళ్లు గీసేవారు. ప, బ, మ ఓష్ఠ్యాలని తెలుగు వ్యాకరణంలో చదివారు గదా! ఆ శబ్దం వచ్చేచోట బొమ్మ పెదవులు మూసుకోవాలి. లేకుంటే మాట అతకదు. ఏడు నిమిషాల చిత్రానికి 10,080 ఫ్రేములు. ఎంత ఓపిక కావాలో ఊహించండి!

1961 జనవరి 24న బ్లాంక్ ఘోరమైన కారు ప్రమాదంలో చిక్కుకున్నాడు. సుమారు రెండు వారాలు స్పృహ లేదు. పేరుపెట్టి ఎంత పిలిచినా పలకలేదు. చివరకు ఒక డాక్టరు "బగ్స్ బన్నీ" అని పిలిచి కుశలమడిగాడు. ఆయన కుందేలు గొంతుతో జవాబు చెప్పాడు! తరువాత ఒళ్లంతా పిండికట్టుతో మంచం మీద ఉండే, పక్కన మైకు పెట్టించుకొని, ఫ్లింట్‌స్టోన్స్ ధారావాహికలో తన పాత్రకు మాటలు చెప్పాడు.

మీలో కొందరు మగపిల్లలకు ఇప్పుడే గొంతు మారుతుంటుంది. మాట మధ్యలో కీచుమంటే తోటివారు నవ్వుతారు. సిగ్గుపడకండి. స్వరపేటిక పెరిగి, తంతువులు పొడవై, మందమవుతున్నాయి, అంతే. అనుకరణ సరదాకు చేయండి గాని గొంతు చించుకొని అరవకండి. బొంగురుపోతే విశ్రాంతినివ్వండి. తెగిన వీణతీగను మార్చుకోవచ్చు. స్వరతంతువులను అలా మార్చుకోలేం!