నీలిమందు లేపనం: ఆశ ఎంత, హద్దు ఎక్కడ?

సోరియాసిస్ అంటువ్యాధి కాదు. అయినా మోచేతి మీది పొలుసులు చూసి, ఒకే పళ్ళెంలో తినడానికి వెనుకాడే బంధువులు నేటికీ ఉన్నారు. ఆ అవమానం భరించలేకనే రోగి ఎవరు ఏ పూతమందు చెప్పినా ఆశపడతాడు. అలాంటి ఆశకు కొంత ఆధారం చూపిన చైనా ఔషధం ఒకటుంది. దాని పేరు ‘చింగ్ దాయ్’.

అది నీలిమందే. కొన్ని జాతుల మొక్కల ఆకులను మెత్తబడి కుళ్ళేవరకు నీటిలో నానబెట్టి, పిప్పి తీసివేసి, ఆ నీటిలో సున్నం కలిపి చిలుకుతారు. పైకి తేలిన నీలి నురుగును ఎండబెడితే మందుపొడి తయారవుతుంది. మన నేలపై ఒకప్పుడు అద్దకానికి పండించిన నీలిమొక్క వేరు జాతిది. రంగునిచ్చే పదార్థం మాత్రం ఒక్కటే.

తైవాన్‌లోని చాంగ్ గుంగ్ ఆసుపత్రి వైద్యులు 42 మంది సోరియాసిస్ రోగులపై దీనిని పరీక్షించి, 2008లో ఫలితాలు ప్రకటించారు. ప్రతి రోగికీ శరీరంలో ఒక పక్క మచ్చపై నీలి లేపనం, రెండో పక్క మందులేని ఉత్త లేపనం 12 వారాలు పూయించారు. నీలి పూసిన మచ్చ 31 మందిలో పూర్తిగానో, దాదాపు పూర్తిగానో తగ్గింది. బట్టలకు, చర్మానికి నీలిమరక అంటడం దీనితో వచ్చే చిక్కు.

ఇది పైపూత మాట. లోనికి మింగడం వేరు సంగతి. పేగుపూత వ్యాధికి దీనిని మింగిన కొందరిలో ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పీడనం పెరిగిందని జపాన్ ఆరోగ్యశాఖ 2016లో హెచ్చరించింది.

అంతకన్నా మనకు దగ్గరి ప్రమాదం కల్తీ. 1999లో లండన్ వైద్యులు రోగులు వాడుతున్న 11 చైనా మూలికా లేపనాలను పరీక్షించగా, 8 లేపనాలలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ బయటపడింది. మూలిక గొప్పదనమని రోగులు భావించినది ఆ స్టెరాయిడ్ పని కావచ్చు! వైద్యుని పర్యవేక్షణ లేకుండా చాలాకాలం వాడితే, ముఖ్యంగా పసిపిల్లల ముఖంపై, స్టెరాయిడ్ చర్మాన్ని పలుచబరుస్తుంది.

గోరింటాకుతోపాటు తలకు పెట్టుకునే నీలాకు పొడి ఈ మందు కాదు. దానిని మచ్చలపై రుద్దవద్దు. పేరూ వివరమూ లేని డబ్బాలోని లేపనం రెండు మూడు రోజుల్లోనే అద్భుతం చేసిందంటే అనుమానించండి. అయితే దానిని హఠాత్తుగా మానివేయకండి, స్టెరాయిడ్ ఉంటే వ్యాధి ఒక్కసారిగా తిరగబెట్టవచ్చు. ఆ డబ్బాతోనే చర్మవైద్యుని వద్దకు వెళ్ళండి.